అఖండదీపమును పాలరాతిఫలకమును

తెలుగువచనము తాటాకుమీదికంటె ముందుగా రాతిమీద పుట్టినది. ఆ రాతివచనములో మిక్కిలి భాగము దానమునుగూర్చినదే. మా యానామునకు అనతిదూరమున ద్రాక్షారామమునందు, తూర్పుచాళుక్యుడగు భీముడు కట్టించెనని ప్రసిద్ధిగన్న భీమేశ్వరాలయములో, గోడలయందును స్తంభములయందును వందలకొలది శాసనములు చెక్కబడియున్నవి. రాజులు, రాణులు, మంత్రులు, సేనానులు, వర్తకులు, గృహిణులు అందు దాతలు. పెక్కుమంది కోరిన పుణ్యము ఒక్కటే: దేవునియెదుట ఆఱని దీపము. అందులకు దాత కొన్ని గొఱ్ఱెలనో ఆవులనో యిచ్చును. ఆ మందను ఒక గొల్లకో బోయకో యొప్పగింతురు. వాడు ప్రతిదినము ఇంత నేయి గుడికి కొలిచిపోయవలెను. మందలో చచ్చినవానికి బదులు పుట్టినవానిని చేర్చుకొని సంఖ్య తఱుగకుండ చూచుకొనుట వాని భారము. అతని తరువాత అతని సంతతివారిది.

ఈ శాసనములను కావ్యములుగా మెచ్చవలెనని మేము చెప్పము. బిరుదావళులున్నచోట అవి విసుగు పుట్టించును. కాని పని చెప్పు భాగమునకు వచ్చుసరికి ఒక్కమాటయు వ్యర్థము కాదు. ఎవడిచ్చెను, ఏమిచ్చెను, ఎవనికొప్పగించెను, వాడు దినదినము ఏమి చేయవలెను, చెఱచినవాని గతి యేమి అను ఐదు ప్రశ్నలకు అందు సమాధానమున్నది. ఇచ్చుటకంటె ఇచ్చినదానిని కాపాడుట గొప్పదను ధర్మమును మన శాసనకర్తలు మఱవలేదు.

ఇక నేటి విద్యాలయముల గోడలను చదువుడు. ఫలానా దంపతుల జ్ఞాపకార్థము వారి కుమారులు కట్టించిన గది. ప్రారంభించినవారు ఫలానా మంత్రివర్యులు. తేది, మాసము, సంవత్సరము. పాలరాయి తెల్లనిది, అక్షరములు బంగారువన్నెవి. ఐదు ప్రశ్నలలో మొదటిదానికి పెద్ద అక్షరములతో సమాధానమున్నది. రెండవదానికి ఒకప్పుడుండును, ఒకప్పుడుండదు. తక్కిన మూటికి మౌనమే. ఆ గదిలో ఎవరు ఎవరికి ఏమి నేర్పవలెను? పైకప్పు కారిననాడు బాగుచేయు ధనమెక్కడిది? గదికి తాళము వేసి గిడ్డంగిగా వాడుకొన్నయెడల అడుగువాడెవడు? రచన అను దృష్టితో చూచినను ఫలకము శాసనమునకు సాటిరాదు. శాసనము క్రియాప్రధానమైన వాక్యము. ఫలకము క్రియలేని నామవాచకముల వరుస. వాక్యములో లేని క్రియ లోకములో జరుగుట అరుదు.

ఈ భేదము వలన అన్నిటికంటె హెచ్చుగా నష్టపడుచున్నది ఉపాధ్యాయులను తయారుచేయు విద్యాలయమని మా యభిప్రాయము. దానిని నిరూపించుటకు మన గోదావరీమండలముయొక్క దాతృత్వచరిత్రనే సాక్ష్యముగా తీసికొందము.

ఈ మండలమున దాతలకు కొఱతలేదు. కాకినాడలోని కళాశాల పిఠాపురపు రాజుల పేరున వెలసినది. 1885లో జన్మించి 1964లో గతించిన రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరు దానిని పోషించెను. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారివంటి ఆచార్యునకు దాని పెత్తనమొప్పగించెను. నాయుడుగారు స్వయముగా తన యార్జనలో అధికభాగమును బీదవిద్యార్థులకు వెచ్చించినవారు. అంటరానివారని సంఘము త్రోసిపుచ్చిన బాలురకు కాకినాడలో వసతియు చదువును లభించుట ఆ గురుశిష్యుల మైత్రీఫలమే. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు, తెలుగు పండితుడుగా జీతముపై బ్రదికిన మనిషి, హితకారిణీ సమాజమును స్థాపించి తన యాస్తిని దానికి ధారపోసెను. ఉత్తరమున జయపురాధీశుడగు విక్రమదేవవర్మ ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయలిచ్చుటకు పూని, విజ్ఞాన సాంకేతిక కళాశాలకు ఆధారమై, దానికి తన పేరు కలుగజేసెను. 1926లో శాసనముచే ఏర్పడిన ఆ పరిషత్తు తొలిదినములలో నిలద్రొక్కుకొనుటకు ఆ లక్ష యెంత యక్కఱకు వచ్చెనో చెప్పనక్కఱలేదు.

ఈ దానములలో ఒకటి కళాశాలకు, ఒకటి సంఘసంస్కరణమునకు, ఒకటి విజ్ఞానశాస్త్రమునకు. పిఠాపురముయొక్క మఱియొక దానము నిఘంటువునకు. ఉపాధ్యాయునికి బోధనము నేర్పు విద్యాలయమో? రాజమహేంద్రవరమున పందొమ్మిదవశతాబ్ది ముగియకమునుపే శిక్షణకళాశాల వెలసినది గాని, అది ప్రభుత్వముది. ప్రభుత్వము నడపుట మంచిదే. ఐనను ఒక్క సంగతి గమనింపదగినది: ఆ కళాశాలలో నేర్చినవారే ఈ మండలములోని జమీందారీ బడులలోను, బోర్డు బడులలోను, క్రైస్తవసంఘముల బడులలోను తరతరములుగా చదువు చెప్పిరి. ఫలమందఱును అనుభవించిరి, వేరునకు నీరుపోయుట సర్కారువారి పనియని ఊరకుండిరి.

దీనికి కారణమేమి? దాతలు లోభులని చెప్పజాలము. ఫలము కంటికి కనబడునట్టి దానముపై మనస్సు పోవుట మానవస్వభావము. లంకలగన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళ లేక వచ్చినవారికెల్ల అన్నముపెట్టి ఆంధ్రదేశమున అపరాన్నపూర్ణయని కీర్తిగన్నది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు ఆమె పేరు పెట్టుట యెంతయు సముచితము. ఆకలిగొన్నవాని మొగము విస్తరిముందే వికసించును. బడిపిల్లవానికి పుస్తకమిచ్చిన ఏడాదిలో ఫలము తెలియును. ఆసుపత్రి కట్టించిన రోగి వచ్చి చేతులు జోడించును. ఉపాధ్యాయశిక్షణకిచ్చిన రూపాయి ఫలించుటకు రెండు తరములు కావలెను: మొదట ఛాత్రోపాధ్యాయుడు నేర్వవలెను, పిదప అతడు ఏదో పల్లెలో నలువదిమంది పిల్లలకు భిన్నములు బోధపడునట్లు చెప్పవలెను, ఆ పిల్లలు పెద్దవారై లెక్క తప్పక బ్రదుకవలెను. ఇంత జరిగినను ఆ పిల్లలు దాతపేరు వినరు. ఫలము ఇంత దూరమైన దానము చేయుటకు మంచిమనస్సొక్కటి చాలదు; ఆలోచనయు ఉండవలెను.

రెండవ కారణము ఇంతకంటె విషాదకరము. మన భాషలో 'డొనేషను' అను మాట చెడిపోయినది. ఇంగ్లీషులో దానమను నర్థముగల ఈ పదము తెలుగునేలమీద అడుగుపెట్టి, సీటుకొఱకు తల్లిదండ్రులు రసీదులేక చెల్లించు సొమ్మునకు పేరైనది. "డొనేషనెంత?" అని యడుగు తండ్రి మనస్సులో దానభావము లేశమైన లేదు, అది బేరము. ఈ దురాచారము ఎంత ముదిరినదనగా, 1983లో ఆంధ్రప్రదేశ శాసనసభ ప్రవేశములను క్రమబద్ధముచేసి 'కాపిటేషను' రుసుమును నిషేధించు చట్టమును చేయవలసివచ్చెను. 1993లో ఉన్నికృష్ణన్ అనునతనికిని ఆంధ్రప్రదేశమునకును జరిగిన వ్యాజ్యెములో అత్యున్నతన్యాయస్థానము ఈ విషయమునే విచారించెను. చట్టము సొమ్మును నిషేధింపగలిగెనేమో గాని మాటకు పట్టిన మైలను కడుగలేకపోయెను. ధర్మబుద్ధితో ఇచ్చువాడును, సీటు కొనువాడును ఒకే మాటను వాడుకొను సంఘములో మొదటివాడు సిగ్గుపడును, రెండవవాడు సిగ్గుపడడు.

ఈ మైల ఉపాధ్యాయశిక్షణకు అంటినంతగా మఱి దేనికిని అంటలేదు. 2012లో జస్టిస్ జె.ఎస్. వర్మగారి అధ్యక్షతను అత్యున్నతన్యాయస్థానము నియమించిన సంఘము, దేశములోని ఉపాధ్యాయశిక్షణసంస్థలలో నూటికి తొంబదివంతులు ప్రభుత్వేతరములని తెలిపినది. 2020లో వెలువడిన జాతీయవిద్యావిధానము ఆ సంఘమును ప్రమాణముగా చూపుచు, విడివిడిగానున్న ఇట్టి సంస్థలు 10,000కు పైబడియుండగా వానిలో అధికసంఖ్యాకములు నిజమైన శిక్షణకు ప్రయత్నమైనను చేయక పట్టములను వెలకు అమ్ముచున్నవని స్పష్టముగా వ్రాసినది. హాజరుపట్టీలో పేరుండి తరగతిలో మనిషి లేకుండుట యెఱుగనివారు మన ప్రాంతమున అరుదు. 2015 మొదలుకొని బి.ఎడ్. చదువు ఏడాదినుండి రెండేండ్లకు పెరిగినది. రానివానికి రెండేండ్లైన నొకటే, పదియేండ్లైన నొకటే.

కావున చూడుడు: ప్రైవేటుధనము ఉపాధ్యాయశిక్షణలోనికి రాలేదనుట తప్పు. వరదవలె వచ్చినది. కాని పెట్టుబడిగా వచ్చినది, దానముగా రాలేదు. రెంటికిని భేదము శాసనభాషలో చెప్పిన సులభముగా తెలియును. దానములో మంద దేవునిది, నేయి దేవునిది. పెట్టుబడిలో మంద యజమానిది, నేయి యజమానిది. దేవునికి దీపపుబొమ్మ మాత్రము మిగులును.

ఇతరదేశములలో ఈ పని యెట్లు జరిగినదో చూచుట మనకుపయోగము. అమెరికాలో న్యూయార్కు నగరమున గ్రేస్ డాడ్జి అను ధనికకుటుంబపు వనిత, బీదబాలికలకు గృహకృత్యములు నేర్పు సంఘముతో ప్రారంభించి, ఆ నేర్పువారికే నేర్పువారు లేరని కనుగొని, 1887లో ఉపాధ్యాయశిక్షణకు ఒక పాఠశాలను నెలకొల్పుటకు తోడ్పడెను. అదే తరువాత 'టీచర్స్ కాలేజి'యై కొలంబియా విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనది. దానితోపాటు హోరేస్ మాన్ పేర ఒక ప్రయోగపాఠశాల వెలసినది. ఛాత్రోపాధ్యాయులు పుస్తకములోనిది పిల్లలయెదుట పరీక్షించుకొనుటకు అది క్షేత్రము. జార్జి పీబడీ అను వర్తకుడు అంతర్యుద్ధముచే చితికిన దక్షిణరాష్ట్రములలో విద్యకై 1867లో ఒక నిధి నేర్పఱచెను. ఆ నిధి సాయముతో 1875లో నాష్‌విల్‌లో ఉపాధ్యాయపాఠశాల పుట్టినది. అది పెరిగి 1979లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయములో కలసి, నేటికిని పీబడీ పేరుతోనే ఉపాధ్యాయవిద్యాకళాశాలగా నున్నది. దాత మరణించి శతాబ్దము గడచినను దీపము కొండెక్కలేదు. ఒక మంటపమునుండి మఱియొక మంటపమునకు మాఱినది.

మన దేశములోను ఉదాహరణము లేకపోలేదు. కర్ణాటకశాసనముచే 2010లో బెంగుళూరున వెలసిన అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయము విద్యాశాస్త్రమునే ముఖ్యవిషయములలో నొకటిగా స్వీకరించినది. దానిని పోషించు సంస్థకు ఆ దాత కేటాయించిన మొత్తము 1,45,000 కోట్ల రూపాయల విలువకు చేరినదని 2019లో ప్రకటింపబడినది. ఆ ధనముయొక్క ప్రమాణముకంటె దాని రూపము మమ్ము ఆకర్షించుచున్నది. అది వాటాల యాదాయము, అనగా మందనుండి వచ్చు నేయి.

ఇచట రెండాక్షేపణలు రావచ్చును. ఉపాధ్యాయులను తయారుచేయుట ప్రభుత్వధర్మము, దాతలు ముందునకు వచ్చిన ప్రభుత్వము వెనుకకు పోవునని కొందఱందురు. ఈ మాటలో సత్యమున్నది. కావుననే జీతములు, భవనములు, ఖాళీల భర్తీ అనువానిని దాతలకు ఒప్పగింపరాదు. ప్రభుత్వము చేయవలసిన పనిని దాత చేసినయెడల అది దానము కాదు, సర్కారునకు అప్పు మాఫీ. ప్రభుత్వనియమములు చేయనీయని పనులున్నవి. దాత ధనమునకు అవియే తగిన చోటు.

దాత ధనముతో దాత పెత్తనమును వచ్చునని రెండవ ఆక్షేపణ. దీనికి మన సాహిత్యచరిత్రమే మంచి యుదాహరణము. పిఠాపురాధీశుని పోషణమున ఆంధ్రసాహిత్యపరిషత్తు ప్రకటించిన సూర్యరాయాంధ్రనిఘంటువు మన భాషకు మహోపకారము. ఆ ధనము లేకున్న ఆ గ్రంథము లేదు. కాని పరిషత్తు గ్రాంథికపక్షమువారి చేతిలోనుండెను. గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షము ఓడవలెనని కోరినవారే మాటలను ఏఱినందున, జనులనోట నాడు మాటలకు ఆ నిఘంటువులో తగిన చోటు దొరకలేదను విమర్శ నేటికిని నిలిచియున్నది. గ్రాంథికమున వ్రాయుచున్న మేమైనను ఈ విమర్శ న్యాయమనియే తలంచుచున్నాము. తప్పు ధనమిచ్చుటలో లేదు. ధనమును ఒకపక్షమునకే యొప్పగించి, ఎదుటిపక్షమునకు పీట వేయకపోవుటలో నున్నది. ఆచార్యుని నియమించుటయు, పాఠ్యక్రమమును నిర్ణయించుటయు దాత చేతిలోనుండరాదని శాసనములోనే వ్రాసికొన్న, ఈ భయము తీఱును.

అట్లయిన నేటి విశ్వవిద్యాలయములోని విద్యాకళాశాలకు దానమిచ్చువాని శాసనము ఎట్లుండవలెను? 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ పేర ఈ మండలమునకు ప్రత్యేకముగా ఒక విశ్వవిద్యాలయము వెలసినది. నన్నయకు తోడ్పడిన నారాయణభట్టునకు రాజరాజనరేంద్రుడు నందంపూడిని అగ్రహారముగా నిచ్చి శాసనము వ్రాయించిన దేశమిది. గ్రంథకర్తకు తోడునిలిచినవానినిగూడ గుర్తించిన ఆ రాజబుద్ధి మనకు ఆదర్శము కావలెను. ఏలన, ఉపాధ్యాయుడును తోడునిలుచువాడే.

మా మనవి యిది. మొదట, గదులకు బదులు మనుష్యులకిండు. పల్లెనుండి వచ్చు బీదయువతి రెండేండ్లు జీతము లేక చదువవలెను. వసతికి, ప్రయాణమునకు, తరగతిలో బోధనసామగ్రికి అగు వ్యయమే ఆమెను సగములో ఇంటికి పంపుచున్నది. రెండవది, కళాశాలకు ప్రక్కనున్న ప్రభుత్వపాఠశాలను ప్రయోగక్షేత్రముగా పోషింపుడు. కొన్ని వారములు పోయి పాఠములు చెప్పి సంతకము తెచ్చుకొను పద్ధతి శిక్షణ కాదు. మూడవది, మంచి తెలుగులో విద్యాశాస్త్రగ్రంథములు వ్రాయించుడు. పరీక్షకు అచ్చువేయు ప్రశ్నోత్తరపుస్తకములు తప్ప ఛాత్రోపాధ్యాయుని బల్లమీద మఱేమియు కనబడని దుస్థితి పోవలెను. నాల్గవది, బడిలో చేరిన మొదటి రెండు మూడేండ్లు క్రొత్త యుపాధ్యాయుని చూచి సలహాచెప్పుటకు అనుభవజ్ఞులగు విశ్రాంతోపాధ్యాయులను నియమించి, వారి దారిఖర్చులు భరింపుడు. ఈ నాలుగును ప్రభుత్వలెక్కలలో ఇముడనివి, కొద్దిధనముతో సాగునవి.

ధనముయొక్క వ్యాకరణమును గూడ తెలిసికొనవలెను. ఒకడు 1,00,000 రూపాయల మూలధనమిచ్చి, నూటికి 7 చొప్పున 7,000 వడ్డీతో శాశ్వతముగా బహుమానమిండని ఫలకము వేయించుననుకొందము. ధరలు ఏటికి నూటికి 5 చొప్పున పెరిగినయెడల ఇరువదియేండ్లకు ఆ 7,000 నేటి 2,600 చిల్లరకు మాత్రమే సాటియగును. గొఱ్ఱెలమంద పిల్లలను పెట్టి తనను తాను నిలుపుకొనును. రూపాయలమంద అట్లు చేయదు. కావున 5,000 మఱల మందలో కలిపి 2,000 మాత్రమే వ్యయము చేయవలెను. అంతచిన్న మొత్తముతో పని సాగదనిన మూలధనమును పెంచవలెను. లేదా 'శాశ్వత'మను మాటను కొట్టివేసి, పదియేండ్లలో మొత్తము వ్యయమగునట్లు నిజాయితీగా వ్రాయవలెను. జమీందారుల వార్షికదానములకు వచ్చిన చిక్కు ఇట్టిదే. 1948లో మదరాసురాష్ట్రమును, 1951లో ఒరిస్సాయును జమీందారీల రద్దునకు చట్టములు చేయగా, ఏటేట ఇచ్చుటకు ఆధారమైన ఆదాయము వేరుతోనే పోయినది. న్యాయమైన చట్టము వచ్చినను నిలువగలిగిన దానమే చక్కగా వ్రాయబడిన దానము.

మా యానామువంటి యూరికి ఈ విషయము దూరపుది కాదు. 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలోనుండి నేడు పుదుచ్చేరికి చెందిన ఈ చిన్నముక్కకు రాజధాని ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్నది. చుట్టునున్నది ఆంధ్రదేశము, పిల్లలనోట నున్నది తెలుగు. ఇచటి బడికి తెలుగులో చక్కగా చదువుచెప్పు ఉపాధ్యాయులు గోదావరికిరువైపులనున్న శిక్షణాలయములనుండి రావలసినదే. పాలనకు ఎల్ల ఉన్నది గాని, మంచి యుపాధ్యాయునికి ఎల్ల లేదు. రాజమహేంద్రవరమున ఒక ఛాత్రోపాధ్యాయినికి ఇచ్చిన వేతనము రేపు యానాములోనో, అమలాపురములోనో, లంకలోని యే బడిలోనో చదువై మొలకెత్తును.

దాతలు పెద్దవారే కానక్కఱలేదు. శిక్షణపొంది ఉద్యోగములలో చేరినవారు ఏటికొకదినపు జీతమును తాము చదివిన విద్యాకళాశాలకు ఇచ్చికొని, లెక్కలు ఏటేట అచ్చొత్తించి గోడకంటించిన, ఏ జమీందారునకును తీసిపోని మంద తయారగును. అట్టి నిధికి వ్రాయవలసిన శాసనములో దాతలపేరులు కడపటి పంక్తిలో నుండవచ్చును. మొదటి పంక్తిలో ఉండవలసినది పని: ఎవరికి, ఏమి, ఎన్నాళ్ళు, ఎవరి పూచీమీద. విద్యాలయాధికారులు దానమును స్వీకరించుటకు ముందు ఈ నాలుగు మాటలును కాగితముమీద పెట్టుమని దాతను ప్రార్థింతురుగాక. పెట్టుటకు ఇష్టపడనివాని ధనమును మర్యాదగా త్రిప్పిపంపు ధైర్యమును అలవఱచుకొందురుగాక.